కోట వంటవాడికి ఆపరేషన్

జూన్ 4

బావా,

నమస్కారాలు, కుశల ప్రశ్నలు తర్వాత. ముందు నా గోడు విను.

లిఫ్టుల తనిఖీకి నన్ను ఇక్కడికి బదిలీ చేసిన మహానుభావుడు ఈ ఊరు చూసి ఉండడు. ఇక్కడ మేడలే తక్కువ. ఉన్న ఒకటీ అరా లిఫ్టుల్లో ఒకటి బట్టల దుకాణంలో ఉంది. దాన్ని గోడౌనుగా వాడుకుంటున్నారు. తాళ్ళూ బ్రేకులూ చూద్దామని లోపలికి వెళితే, మూటలు సర్దుతున్నావిడ నన్ను ఎగాదిగా చూసి "నడుం సైజు ఎంతండీ?" అంది. ఇదీ నా ఉద్యోగం.

గది మాత్రం బాగుంది. మేడమీద ఒక్కటే గది, కిటికీలోంచి పక్కింటి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. కింద ఇంటావిడ ఉంటుంది. ఆవిడ దగ్గర ఒక వంటాయన ఉన్నాడు. నా భోజనం కూడా అక్కడే.

అసలు బాధ శనివారంతో వచ్చింది. ఇన్నేళ్ళుగా శనివారం సాయంత్రమంటే నీ కళ్ళజోళ్ళ దుకాణం వెనక గది. గోడకి కంటి పరీక్ష అట్ట, దాని కింద నువ్వూ నేనూ, మధ్యలో ఐరిష్ విస్కీ సీసా, ఒళ్ళో ఏదో ఒక చరిత్ర నవల. ఎంత చీకటి కథ అయితే మనకి అంత ఇష్టం. గుక్క లేకుండా పేజీ తిప్పకూడదు, పేజీ తిప్పకుండా గుక్క వేయకూడదు. అది మన ఒట్టు. ఆ ఒట్టు తెలిసే కదా, నేను బయల్దేరిన రోజు మా అక్క అంత న్యాయంగా పంపకం చేసింది! నవల తమ్ముడికి, సీసా మొగుడికి. ఒక్క దెబ్బతో ఇద్దరి నోళ్ళూ కట్టేసింది.

కోట ముట్టడి మధ్యలో ఆపేశాం. బయట శత్రువు, లోపల మహమ్మారి, తలలు నరికే తలారికి క్షణం తీరిక లేదు. ఎలా ఉండగలను చెప్పు? ఈ ఊళ్ళో ఐరిష్ విస్కీ దొరకదు. తిట్టకు, నిన్న నిమ్మరసం పక్కన పెట్టుకుని ఒక పేజీ చదివాను.

నీ కడుపునొప్పి ఎలా ఉంది? అక్క ఫోనులో నీళ్ళు నములుతోంది. నువ్వే రాయాలి.

నీ బావమరిది

&nbsp;

జూన్ 11

ఒట్టు తప్పిన బావమరిదికి,

నిమ్మరసమా! తలారి గొడ్డలి నూరుతుంటే నువ్వు నిమ్మరసం చప్పరిస్తావా? ఆ రచయిత ఎన్ని శవాల మధ్య కూర్చుని రాశాడో, నువ్వు వడదెబ్బ తగిలినవాడిలా నిమ్మరసం తాగుతూ చదివావు. సిగ్గుపడు.

సీసా నా దగ్గరే ఉంది గానీ నా పరిస్థితీ అంతంతమాత్రమే. కడుపునొప్పి అని వెళితే పెద్దాసుపత్రి సర్జను గారు స్కానింగు తీయించి, పిత్తాశయంలో రాయి ఉందన్నారు. వాచిందట, త్వరగా తీసేయకపోతే లోపల చీము పట్టి ప్రాణం మీదకి వస్తుందట. విస్కీ ముట్టుకోవద్దన్నారు. ఆయన చాలా పెద్దమనిషి. నవ్వడు, ఊరడించడు, అబద్ధం ఆడడు. "భయం లేదు కదండీ?" అని మీ అక్క అడిగితే "ఎందుకు లేదు, ఉంది" అన్నాడు. ఆ మాటకి నేను కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

నాకు కత్తంటే భయం. ఈ ముక్క మీ అక్కకి చెప్పలేదు. దుకాణంలో పని ఎక్కువగా ఉంది, తర్వాత చూద్దాం అంటున్నాను. నొప్పి వచ్చినప్పుడు కౌంటరు కింద వంగి, కిందపడిన స్క్రూ వెతుకుతున్నట్టు నటిస్తున్నాను. మొన్న ఒక పెద్దాయన నాతోపాటు వంగి, దొరికేదాకా వెతుకుతానని కూర్చున్నాడు.

మన ఒట్టు గురించి ఆలోచించాను. శనివారం సాయంత్రం మూత తీసి వాసన చూసి మూత పెడతాను. ఒక పీల్పుకి ఒక అధ్యాయం. గుక్కకి బదులు పీల్పు చెల్లుతుందని నా తీర్పు. నువ్వు అక్కడ చదివి కథంతా రాసి పంపు. ఫోనులో వద్దు, మీ అక్క స్పీకరు పెట్టి వింటుంది.

నీ అక్క మొగుడు

&nbsp;

జూన్ 17

బావా,

రాయి సంగతి చదివాను. ముందు ఆ పని చూడు. లిఫ్టులో తాడు ఒక్క పోగు తెగినా నేను ఆపేసి రిపేరు చేయిస్తాను, రేపు చూద్దాం అననివ్వను. నీకు అంతకంటే చెప్పేదేముంది?

ఇక కథ. పీల్చు.

కోటలో తిండి అయిపోయింది. అధిపతి గుర్రాన్ని కోయించాడు. చివరి మేకపిల్లని ఒక ముసలమ్మ మంచం కింద దాచింది. చదువుతూ నేను, పోనీలే, ఒక్క ప్రాణమైనా మిగిలింది అనుకున్నాను. తర్వాతి పేజీలో మంచం విరిగింది. ఈ రచయితకి కనికరమే లేదు.

ఇప్పుడు కోట వంటవాడు జబ్బుపడ్డాడు. గుర్తున్నాడా? రాళ్ళు ఉడకబెట్టి సూపని చెప్పి అందరికీ పోసే లావుపాటి మనిషి, మనిద్దరికీ ఇష్టమైనవాడు. వాడి కడుపులో రాయి ఉందట. కోయాలి అంటున్నాడు వైద్యుడు. ఆ డాక్టరు చేతిలో పడ్డవాడు ఇంతవరకు లేచి నడిచింది లేదు. కోసిన ముగ్గురూ బల్లమీదే పోయారు. కత్తి కడగడు, చేతులు కడగడు, ముందుగా తాగి వస్తాడు. వాడి దగ్గరికి వెళ్ళడం కంటే తలారి దగ్గరికి వెళ్ళడం నయం.

మిగతాది వచ్చే శనివారం.

నీ బావమరిది

&nbsp;

జూన్ 24

ఓరి నాయనా,

ఎంత పని చేశావురా! నీ ఉత్తరంలో రెండో కాగితం మాత్రం బల్లమీద మర్చిపోయి నేను దుకాణానికి వెళ్ళాను. అది సరిగ్గా "కోయాలి అంటున్నాడు వైద్యుడు" దగ్గర మొదలవుతుంది. మీ అక్క చదివింది. తమ్ముడు మా సర్జను గురించి కూపీ లాగి నిజం కక్కాడు అనుకుంది. సంచీ భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళి, నిండు హాలులో, "ముగ్గురిని చంపారటగా! తాగి కోస్తారటగా! చేతులైనా కడుక్కోరటగా!" అని ఆయన్ని ఏకి పారేసింది. కూర్చున్న రోగుల్లో సగంమంది లేచి వెళ్ళిపోయారట. కట్టు సగం కట్టించుకున్న ఒకాయన ఆ గుడ్డ ఈడ్చుకుంటూ పరిగెత్తాడట.

సర్జను గారు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, ఆధారం చూపించమన్నారు. ఆవిడ కాగితం ఇచ్చింది. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివి, "తలారి ఎవరు?" అని అడిగారు. తర్వాత నన్ను పిలిపించారు. కాళ్ళు పట్టుకుందామని వెళ్ళాను. ఆయన నా క్షమాపణ వినిపించుకోనేలేదు. "తర్వాత ఏమైంది?" అన్నారు.

ఇక నేనొక నిర్ణయానికి వచ్చాను. నవ్వితే నవ్వు. నాకు రాయి, వాడికీ రాయి. నన్ను కోయాలంటున్నారు, వాడినీ కోయాలంటున్నారు. ఇది ఊరికే జరిగింది కాదు. వంటవాడు బతికితే నేను ఆపరేషను చేయించుకుంటాను. వాడు పోతే నేనూ నా రాయీ కలిసి కాపురం చేస్తాం. మీ అక్క ఏడ్చింది, అరిచింది, అన్నం మానేసింది. నేను కదలను. తాడోపేడో ఆ వంటవాడే తేల్చాలి.

నువ్వు లేని శనివారం పరమ చెత్తగా ఉంటోంది. ఆ మాట కూడా రాయాలనిపించింది, రాశాను.

మొండి బావ

&nbsp;

జూన్ 29

బావా, బావా, బావా!

శుభవార్త. వంటవాడు బతికాడు!

ఆగలేక శనివారం కాకుండానే చదివేశాను. వైద్యుడు వచ్చాడు, కోశాడు, రాయి తీశాడు, వంటవాడు లేచి కూర్చుని "సూపు ఉందా?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కోట బయట శత్రుసైన్యం కూడా చప్పట్లు కొట్టింది. ఆ రోజు కోట మీద ఇంద్రధనుస్సు కనిపించింది. అద్భుతమైన అధ్యాయం. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

కాబట్టి రేపే వెళ్ళి తేదీ తీసుకో. ఆలస్యం చేయకు. అక్కని అన్నం తినమను.

నీ బావమరిది

&nbsp;

జూలై 5

బావమరిదీ,

నా చెవిలో పువ్వు కనపడుతోందా?

మేకపిల్లని బతకనివ్వని రచయిత ఇంద్రధనుస్సు పెట్టాడా? ముట్టడి వేసిన శత్రువు చప్పట్లు కొట్టాడా? ఇన్ని వందల పేజీల్లో ఆ నవలలో ఎండ కాసిందే లేదు. అది నువ్వు రాసిన అధ్యాయం. నీ మొహం నాకు తెలియదా?

నా ఒక్కడి అనుమానమైతే పోనీ. సర్జను గారు కూడా చదివి మొహం మాడ్చుకున్నారు. ఆయన అభ్యంతరాలు మందుల చీటీ వెనక రాసిచ్చారు, ఉన్నదున్నట్టు పంపుతున్నాను. కోసిన చోట కుట్లు వేసినట్టు లేదు. మత్తు ఇవ్వలేదు. కోసిన వెంటనే సూపు అడగడు, వాంతి చేసుకుంటాడు. ఇలా చేస్తే రోగి సాయంత్రంలోపు చనిపోతాడు. కింద సంతకం, ముద్ర కూడా ఉన్నాయి.

అసలు పుస్తకంలో ఏముందో అది రాసి పంపు. వాడు పోతే పోయాడని చెప్పు. నేను తట్టుకోగలను. తట్టుకోలేను గానీ చెప్పు.

మొన్న నొప్పి వచ్చి దుకాణం మధ్యాహ్నమే మూసేశాను. ఒకావిడకి దగ్గరచూపు కళ్ళజోడులో దూరపుచూపు అద్దాలు బిగించి పంపానట. ఆవిడ కోడలి వంట బాగుందంటోందట, ఇంట్లో అందరూ కంగారుపడుతున్నారు.

నీ బావ

&nbsp;

జూలై 10

బావా,

నీ అనుమానానికి నా మనసు ముక్కలైంది. నేను అబద్ధం రాస్తానా? కొన్ని పేరాలు దాటేశాను, అంతే. కంగారులో చదివాను కదా. ఇప్పుడు నిదానంగా చదివి మొత్తం రాస్తున్నాను.

వైద్యుడు ఆ రోజు తాగలేదు. వాళ్ళమ్మ వచ్చి తిట్టింది, అందుకని. కత్తులు కడిగాడు. చేతులు కూడా కడిగాడు, దేనితో అనుకున్నావు? ఐరిష్ విస్కీతో! అధిపతి గారి నేలమాళిగలో ఒక పీపా మిగిలి ఉందట. వంటవాడికి మత్తుకి కూడా అదే పోశారు. కుట్లు వేశాడు, పట్టుదారంతో. రెండు రోజులు వాంతులు అయ్యాయి. ఇంద్రధనుస్సు పొరపాటు, అది వేరే అధ్యాయం.

ఇక్కడ నా తిండికి గండిపడింది. నేను బల్లమీద నా... నోట్సు పెట్టి తనిఖీకి వెళితే, ఇంటావిడ వంటాయన గది ఊడవడానికి వచ్చాడట. పై కాగితంలో "వంటవాడు చావాలి, కానీ చావకూడదు. కత్తి ఎక్కడ దించాలి? ఎవరికీ అనుమానం రాకూడదు" అని ఉంది. ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తి పోయాడు, ఇంతవరకు తిరిగి రాలేదు. ఇంటావిడ నన్ను చూస్తే చాలు, కత్తిపీట తీసి లోపల పెడుతోంది. ఇప్పుడు వంట నేనే చేస్తున్నాను. ఆవిడకి కూడా నేనే వండిపెట్టాలట, ముందు నేను రుచి చూశాకే ఆవిడ తింటుందట.

సర్జను గారికి నా నమస్కారాలు. ఈసారైనా ముద్ర వేయమను.

నీ బావమరిది

&nbsp;

జూలై 16

రచయిత గారికి,

ఆ కోటలో ఐరిష్ విస్కీ! సముద్రం వైపు మూడు రాజ్యాలు కాలిపోయి ఉంటే పీపా ఎగిరి వచ్చిందా? నోట్సు తీసుకునేవాడికి "ఎవరికీ అనుమానం రాకూడదు" అనే దిగులు ఎందుకో కూడా చెప్పు. దొంగ సచ్చినోడా.

అయినా, చిత్రం చూడు. సర్జను గారికి ఈ వర్షన్ నచ్చింది. చేతులు కడగడం మంచి పరిణామం అన్నారు. కత్తులు కడిగితే చాలదు, మరగబెట్టాలట. ఇంకో ముఖ్యమైన తప్పు, ఆ కాలంలో కోసి తీసేది మూత్రాశయంలో రాళ్ళనేనట కాబట్టి వంటవాడి రాయి అక్కడే ఉందట, నాది పిత్తాశయంలో. "ఇద్దరూ ఒకే వీధి కూడా కాదండీ, మీరెందుకు ఆయన కోసం ఆగుతున్నారు?" అన్నారు. నేను ఒప్పుకోలేదు. దాంతో ఆయన కుర్చీ లాక్కుని, వంటవాడి రాయిని నా చోటికి మార్చి, వాణ్ణి ఎలా కోయాలో బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టారు. చిన్న కన్నాలు చాలట. ఇక్కడ గొట్టం, ఇక్కడ కెమెరా, ఇక్కడినుంచి బయటికి. వంటవాడికి తెలివి రాగానే పక్కన నర్సు ఉంటుంది. వంటవాడు మర్నాడు నడుస్తాడు. వంటవాడు ఎక్కడ నొప్పి అన్నా వెంటనే చూస్తారు. బయట వరుసలో ఉన్నవాళ్ళు తలుపు కొడుతున్నా లేవలేదు.

ఇంతకుముందు అదే మనిషి నా కడుపు గురించి చెబితే చెవులు మూసుకున్నాను. వంటవాడి కడుపు కాబట్టి చివరిదాకా విన్నాను.

అన్నట్టు, ఆయనకి తెలిసినవాళ్ళ ఇంట్లో ఆ నవల ఇంకో ప్రతి ఉందట. తెప్పించి చదువుతాను అన్నారు.

నీ బావ

&nbsp;

జూలై 20

బావా,

ఆయన్ని చదవనివ్వకు! అక్షరాలు చాలా చిన్నవి. సర్జను గారి కళ్ళు ఎంతమందికి అవసరం! ఆయనకి కళ్ళజోడు ఇవ్వకు. లేదా ఆ దగ్గరచూపు ఆవిడకి ఇచ్చినట్టు తప్పు అద్దాలు బిగించు.

సరే. ఇక నటించే ఓపిక లేదు. నువ్వు కోయించుకో బావా. వంటవాడు ఏమైపోతే నీకెందుకు? నిన్న ఒక పాత లిఫ్టులో రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నాను. చీకట్లో నిలబడి ఉంటే, నువ్వు కౌంటరు కింద వంగి స్క్రూ వెతుకుతున్నట్టు నటించడమే కళ్ళముందు కనిపించింది. బయటికి వచ్చాక కూడా కాసేపు మెట్ల మీద కూర్చుండిపోయాను. నువ్వు లేకపోతే నేను ఎవరితో చదవాలి? నాకు ఇంకెవరున్నారు ఇలా తిట్టేవాళ్ళు?

సెలవు అడిగాను. ఇస్తే వచ్చేస్తాను. ఒక్క మాట రాసి పంపు.

నీ బావమరిది

&nbsp;

జూలై 25, ఆసుపత్రి నుంచి

ప్రియమైన బావమరిదీ,

ఇది గది కాదు, గూడు. మంచం, కుర్చీ, నీళ్ళ జగ్గు. ఆ కుర్చీలో మీ అక్క కూర్చుని నేను పారిపోకుండా నా చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది.

పొద్దున సర్జను గారు నవల చంకలో పెట్టుకుని వచ్చారు. చదవడం అయిపోయిందట. నేను మీ అక్కని టీకి పంపి, "నిజం చెప్పండి, వంటవాడు బతికాడా?" అన్నాను. ఆయన అబద్ధం ఆడరని చెప్పానుగా. పేజీ తీసి చూపించారు. పోయాడు. బల్ల ఎక్కకముందే, భయంతోనే పోయాడు. ఆ తర్వాత ఆకలి మీదున్న కోట జనం వాణ్ణి ఏం చేశారో కూడా ఉంది, అది నీకు తెలుసు కాబట్టి రాయను. రాళ్ళ సూపు ఇక ఎవరూ కాచలేదు.

మంచం దిగబోయాను. ఆయన ఆపలేదు. పుస్తకం మూసి, ఏమన్నారో తెలుసా? "ఈ రచయితకి వైద్యం తెలియదండీ. మీ బావమరిది రాసిన రెండోది, నేను దిద్దింది, శాస్త్రప్రకారం సరైనది. దాని ప్రకారం ఆయన బతుకుతాడు. నేను చేసేది కూడా దాని ప్రకారమే" అన్నారు. ఆయన పరిహాసం ఆడే మనిషి కాదు. పరిహాసం అంటే ఏమిటో కూడా తెలుసో లేదో.

నేను తిరిగి పడుకున్నాను. ఆలోచించాను. ఆ రచయిత వాడిని చంపడానికి ఒక పేజీ ఖర్చు పెట్టాడు. నువ్వు వాడిని బతికించడానికి ఇంద్రధనుస్సులు వేశావు, పీపాలు మోశావు, వంటాయన్ని పోగొట్టుకున్నావు, అనుమానపు మనిషికి అన్నం వండుతున్నావు. సిగ్గులేకుండా అబద్ధం మీద అబద్ధం రాశావు. అన్నీ నేను ఈ మంచం ఎక్కడం కోసం. రేపు పొద్దున్నే. సంతకం పెట్టేశాను.

భయం ఇంకా ఉంది. ఈసారి మీ అక్కకి కూడా చెప్పాను. ఆవిడ చెప్పులు కిందపెట్టి నా చెయ్యి పట్టుకుంది.

నువ్వు రావద్దు. వస్తే నీ మొహం చూసి నేనే నీకు ధైర్యం చెప్పాల్సి వస్తుంది.

నీ బావ

&nbsp;

జూలై 30

బావమరిదీ,

బతికాను. పడుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు ఇలా ఉన్నాయి, మీ అక్క రాస్తానంటే నేనే వద్దన్నాను.

రాయి చూపించారు. ఇంత గొడవ చేసిన వస్తువు శనగగింజంత కూడా లేదు. కన్నాలు సరిగ్గా బొమ్మలో గీసినచోటే ఉన్నాయి. తెలివి రాగానే పక్కన నర్సు ఉంది, వాంతి కూడా అయింది. అంతా నువ్వు రాసినట్టే జరిగింది. ఇంద్రధనుస్సు మాత్రం లేదు. సర్జను గారు వచ్చి చూసి, తల ఊపి, ఒకే ఒక్కసారి పెదవి కదిపారు. నవ్వు అని నేనంటాను, కాదని మీ అక్క.

ఇక అసలు సంగతి. ఆ మంచం మీద పడుకుని ఉంటే నాకు వంటవాడి మీదే దిగులు. నువ్వు వాడిని కూర్చోబెట్టి వదిలేశావు. బయట శత్రువు అలాగే ఉన్నాడు, కోటలో తిండి లేదు, వాడికి కుట్లు కూడా మానలేదు. ఆ నవలలో వాడికి ఇక చోటు లేదు. బతికిన వంటవాడిని ఎరిగినవాళ్ళం ప్రపంచం మొత్తం మీద నువ్వూ నేనూ సర్జను గారూ, అంతే. చంపినవాడు చేతులు దులుపుకుని పోవచ్చు. బతికించినవాడికి అలా కుదరదు.

వాడు రేపు పొద్దున లేచి ఏం చేస్తాడో శనివారం లోపు నాకు చెప్పు. సర్జను గారు కూడా అడుగుతున్నారు.

నీ బావ